ఫార్మాట్ కొట్టకు మావయ్యా

పొద్దున్న ఆరున్నరకి మావయ్య ఫోన్ చేశాడంటే రెండే కారణాలుంటాయి. చుట్టాల్లో ఎవరికో బాగోలేదు, లేకపోతే ఆయన కంప్యూటర్‌కి బాగోలేదు. మాఘమాసం పెళ్ళిళ్ళు ముమ్మరంగా ఉన్న రోజుల్లో వచ్చింది కాబట్టి, ఎత్తకముందే రెండోదని అర్థమైపోయింది.

"ఒరేయ్, రాత్రి నాలుగు పెళ్ళిళ్ళూ హార్డ్ డిస్కులోకి పెట్టి పడుకున్నాన్రా. ఇప్పుడు చూస్తే డిస్కు కనపడట్లేదు. వైరు పీకి మళ్ళీ పెడితే ఫార్మాట్ చెయ్యమంటోంది. కొట్టెయ్యనా?"

మంచం దిగకుండానే అరిచాను, వద్దని. ఫార్మాట్ అంటే డిస్కుని తుడిచేసి ఖాళీ చెయ్యటమే. క్యాన్సిల్ కొట్టి, డిస్కు తీసి పక్కన పెట్టి, నేను వచ్చేదాకా దాని జోలికి వెళ్ళొద్దని చెప్పాను. "ఆయ్, సరే" అన్నాడు గానీ ఆ గొంతులో నమ్మకం లేదు. ఆ తర్వాత మెల్లిగా అసలు సంగతి చెప్పాడు. ఆయన చేసింది కాపీ కూడా కాదట. కట్ చేసి పేస్ట్ కొట్టాడట, కంప్యూటర్‌లో చోటు ఖాళీ అవుతుందని.

మావయ్యది అంబాజీపేటలో ఫోటో స్టూడియో. 96 తుఫానుకి ముందు నుంచీ ఉంది. 1996 నవంబరు 6న కోనసీమని ఊడ్చేసిన ఆ తుఫానులో స్టూడియో కప్పు లేచిపోయి నెగెటివ్‌ల డబ్బాలన్నీ తడిసి ముద్దయ్యాయి. ఒకదానికొకటి అతుక్కుపోయిన ఆ రీళ్ళని అత్తయ్య బట్టలారేసే తీగ మీద వేసి ఆరబెట్టింది. ఆరాయి గానీ, విడదీస్తుంటే బొమ్మ ఊడొచ్చేసింది. అప్పటి నుంచి దాచుకోవటం అంటే ఆయనకి ఒక జబ్బు లాంటిది. ఇప్పుడు నెగెటివ్‌లు లేవు, హార్డ్ డిస్కులున్నాయి. వాటిని తువ్వాలులో చుట్టి స్టీలు డబ్బాలో పెడతాడు. దసరాకి కెమెరాలతో పాటు వాటికీ బొట్టు పెడతాడు. అలాంటి మనిషి ఫార్మాట్ కొట్టెయ్యనా అని అడుగుతున్నాడంటే, ఆ మాట ఆయన చెవిలో ఎవరో వేసి ఉండాలి.

వేశారు. అంతకుముందు ఏడాది ఇలాగే ఒక డిస్కు పొద్దున్నే కనపడకపోతే టౌనులో ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్ళాడు. వాళ్ళు 10 నిమిషాలు చూసి, "డిస్కు పోయిందండి, ఫార్మాట్ చేసి రికవరీ పెట్టాలి, ఆరు వేలవుద్ది" అన్నారు. ఇచ్చాడు. ఫోటోలు వచ్చాయి గానీ ఫోల్డర్లు లేవు, పేర్లు లేవు. రావులపాలెం పెళ్ళికూతురూ రాజోలు పెళ్ళికూతురూ ఒకే కుప్పలో. వారం రోజులు కూర్చుని చీరల రంగు చూసి విడదీశాడు. విచిత్రం ఏమిటంటే, ఆ 'పోయిన' డిస్కే తర్వాత 10 నెలలు ఏ పేచీ లేకుండా పనిచేసింది. పోయిన డిస్కు 10 నెలలు ఎలా పనిచేసిందన్న అనుమానం ఆయనకి రాలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ రాలేదు.

ఇప్పుడు నేను కాస్త గట్టిగానే చెప్పదలుచుకున్నది ఇది. రాత్రి బాగానే ఉన్న డిస్కు పొద్దున్నకి మాయమైతే, ముందు అనుమానించాల్సింది కంప్యూటర్ నిద్రని, అదే 'స్లీప్'ని. డిస్కు వంతు ఆ తర్వాత. టేబుల్ మీద కదలకుండా కూర్చునే కంప్యూటర్‌కి, దానికో డిస్కు తగిలించి ఉన్నంతసేపూ, ఈ ఆటోమేటిక్ నిద్ర అనేది అనవసరం. తీసెయ్యాలి. ఈ మాట అంటే "మరి కరెంటు?" అనేవాళ్ళుంటారు. ఆ లెక్క కూడా చెబుతాను.

ఆ ఆదివారం రాజమండ్రి నుంచి బస్సెక్కి రావులపాలెం మీదుగా అంబాజీపేట వెళ్ళాను. ముందు డిస్కుని నా ల్యాప్‌టాప్‌కి పెట్టాను. మావయ్య వెనకాల నిలబడి ఊపిరి బిగబట్టాడు. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మామూలుగా తెరుచుకుంది. ఫార్మాట్ లేదు, గీర్మాట్ లేదు. ఆఖరి ఫోల్డర్‌లో ఒక్క వీడియో ఫైలు మాత్రం సగంలో తెగి ఉంది. దాని అసలు ఫైలు ఆయన కంప్యూటర్‌లో ఇంకా ఉంది, ఎందుకంటే కట్ చేసినప్పుడు ఒక్కో ఫైలూ పూర్తిగా అవతలికి చేరాకే ఇవతల చెరుగుతుంది. మొత్తం 400 జీబీలో ఒక 75 జీబీ దాకా వెళ్ళి ఆగిపోయింది. ఆ 75 జీబీ మాత్రం ప్రపంచంలో ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు. ఆయన ఆ పొద్దున్న ఓకే కొట్టి ఉంటే ఒకరి తలంబ్రాలు పోయేవి. తలంబ్రాలు మళ్ళీ పోయించలేం కదా.

డిస్కులో ఉన్నదంతా ముందు నా ల్యాప్‌టాప్‌లోకి తీసి, ఆ తర్వాతే దాన్ని 'చెక్ డిస్క్' చేయించాను. ఈ వరస ముఖ్యం. చెక్ డిస్క్ మంచిదే కానీ అది డిస్కు మీద రాస్తుంది, సరిచేస్తుంది, ఒక్కోసారి తనకి అర్థం కాని ముక్కల్ని వేరే ఫోల్డర్‌లో పడేస్తుంది. డిస్కు నిజంగా చావుబతుకుల్లో ఉంటే ఆ శ్రమకే అది పోవచ్చు. కాబట్టి చదవగలిగినంత చదివి బయటికి తీసుకున్నాకే వైద్యం.

డిస్కు ఆరోగ్యం చూడటానికి 'క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో' అని ఒక ఉచిత ప్రోగ్రాం ఉంది. డిస్కు తన గురించి తాను రాసుకునే లెక్కల్ని అది చూపిస్తుంది. అందులో నేను చూసేవి రెండు మూడే. చెడిపోయిన చోట్లకి బదులుగా డిస్కు వేరే చోట్లు ఎన్ని వాడుకుంది (05 నంబరు), చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు ఎన్ని (సీ5). మావయ్య డిస్కుకి రెండూ సున్నా. సీ0 అని ఇంకో లెక్క ఉంది. కరెంటు హఠాత్తుగా తెగినప్పుడు డిస్కు తన రీడింగ్ హెడ్‌ని గాభరాగా వెనక్కి లాక్కున్న సందర్భాలు ఎన్నో అది చెబుతుంది. అన్ని డిస్కులూ దీన్ని చూపించవు, ఇది చూపించింది. ఆ అంకె కాగితం మీద రాసి పెట్టుకున్నాను, దేనికైనా మంచిదని.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. కేబుల్ చూస్తే, వెడల్పుగా రెండు ముక్కలు అతికినట్టుండే ఆ పిన్ను లోపలి రేకు మీద సన్నగా తుప్పు కనిపించింది. ఉప్పుగాలి ఊళ్ళు కదా, ఇక్కడ తాళాలకే పడుతుంది తుప్పు. "ఇదిగో దొంగ" అనుకున్నాను. 350 పెట్టి కొత్త కేబుల్ కొనిపించి, విజయగర్వంతో అత్తయ్య పనసాకుల్లో వండిన పొట్టిక్కలు తిన్నాను. భోజనాలయ్యాక మావయ్య అలవాటు ప్రకారం కునుకు తీశాడు. ఆయన లేచేసరికి కంప్యూటర్ కూడా కునుకు తీసి ఉంది. కీబోర్డు తట్టాం. స్క్రీన్ వచ్చింది. డిస్కు రాలేదు.

అప్పుడు చేశాను మొదట్లోనే చెయ్యాల్సిన పని. విండోస్‌లో 'ఈవెంట్ వ్యూయర్' అని ఒకటుంటుంది. స్టార్ట్ నొక్కి ఆ పేరు టైపు చేస్తే వస్తుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. కంప్యూటర్ రాసుకునే డైరీ అది. చూడటానికి భయంకరంగా, ఎర్ర గుర్తులతో ఉంటుంది, కానీ మనకి కావాల్సిన నంబర్లు మూడే. 42 అంటే నిద్రలోకి వెళ్తున్నాను అని. 107 అంటే నిద్ర లేచాను అని. 157 అంటే డిస్కుని ఎవరో హఠాత్తుగా లాగేశారు అని. ఆ పెళ్ళిళ్ళ రాత్రి పేజీ తీశాను. మావయ్య పదకొండున్నరకి పేస్ట్ కొట్టాడు, 11:38కి ఆఖరిసారి మౌసు ముట్టుకుని పడుకోవటానికి వెళ్ళాడు. సరిగ్గా 12:08కి 42. పొద్దున్న ఆయన కీబోర్డు తట్టినప్పుడు 107. దాని వెంటే, సెకన్ల తేడాలో, 157.

ఆ గదిలో ఎవరూ ఏదీ లాగలేదు. మావయ్య అప్పుడు తట్టింది కీబోర్డునే, వైరుని కాదు. కంప్యూటరే పడుకుని లేచి, ఎవరో లాగేశారని రాసుకుంది. నిద్ర సెట్టింగ్ చూస్తే 30 నిమిషాలు అని ఉంది. కాపీ నడుస్తోంది కదా, పని మధ్యలో ఎలా పడుకుంటుంది అని మావయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. వీడియో తయారుచేసే ప్రోగ్రాముల్లో కొన్ని "పనిలో ఉన్నాను, పడుకోకు" అని కంప్యూటర్‌కి చెబుతాయి. చెప్పనిదాని సంగతి అంతే, ముట్టుకునేవాడు లేడు కాబట్టి పనేమీ లేదని లెక్క. ఆ రాత్రి ఆ కాపీకి అదే జరిగింది.

సరే, పడుకుంది. లేచాక డిస్కు ఎందుకు రాలేదు? దీనికి మన డెల్టాలో పుట్టినవాళ్ళకి వేరే ఉదాహరణ అక్కర్లేదు. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేముందు ఫలానా రోజు నుంచి నీళ్ళు రావని చెబుతారు, ఊళ్ళు మంచినీళ్ళ చెరువులు నింపుకుంటాయి. కంప్యూటర్ కూడా పడుకునే ముందు అలాగే అందరికీ చెబుతుంది. మరీ చెప్పాపెట్టకుండా ఏమీ పడుకోదు. గొడవ మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు వస్తుంది. ధవళేశ్వరంలో తలుపులెత్తిన రోజునే శివారు చేలకి నీళ్ళు రావు. ఎగువనున్నవాళ్ళు నారుమళ్ళు పోసుకుంటుంటే శివారు రైతు ఇంకా కాలువ గట్టున నిలబడి చూస్తుంటాడు. యూఎస్‌బీ వైరు చివరనున్న డిస్కు ఆ శివారు చేను లాంటిది. కంప్యూటర్ రెండు సెకన్లలో లేచి కూర్చుంటుంది. డిస్కులో తిరిగే పళ్ళెం ఆగిపోయి ఉంది, అది పూర్తి వేగం అందుకోవటానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆ కాసేపూ కంప్యూటర్ పిలుస్తుంది, జవాబు రాదు, ఇంక లేడని రాసేసుకుంటుంది. లేదా డిస్కు పెట్టెలో ఉన్న చిన్న బోర్డు లేస్తుంది గానీ పళ్ళెం లేవదు. అప్పుడు కంప్యూటర్‌కి డిస్కు ఉన్నట్టే కనపడుతుంది, అందులో ఏముందో చదవటం రాదు. చదవటం రాని డిస్కుని చూస్తే దానికి తెలిసిన మాట ఒక్కటే, ఫార్మాట్.

అంటే ఆ సందేశం డిస్కు గురించి చెప్పే నిజం కాదు. నాకు చదవటం రావట్లేదు అని కంప్యూటర్ తన గురించి చెప్పుకుంటోంది. ఈ తేడా తెలియకపోవటం వల్లే షాపుల వాళ్ళ సగం బేరాలు నడుస్తున్నాయని నా గట్టి అనుమానం.

ఆ మధ్యాహ్నం ఒక ప్రయోగం చేశాం. డిస్కు మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. తిరుగుతున్నంతసేపూ సన్నటి వణుకు చేతికి తెలుస్తుంది, కాస్త వెచ్చగా ఉంటుంది. మావయ్యని నిద్ర బటన్ నొక్కమన్నాను. స్క్రీన్ నల్లబడింది, ఫ్యాన్ ఆగింది, డిస్కులోంచి 'టక్' మని ఒక చిన్న చప్పుడు, వణుకు ఆగిపోయింది. లైటు కూడా పోయింది. రెండు నిమిషాలాగి కీబోర్డు తట్టాం. లైటు వెలిగింది, 'జుయ్'మని పళ్ళెం తిరగటం మొదలెట్టింది, ఇంకా వేగం అందుకోకముందే నీరసపడి ఆగింది. మళ్ళీ 'జుయ్', మళ్ళీ ఆగింది. కంప్యూటర్ నుంచి వైరు లాగినప్పుడు వచ్చే చప్పుడు వచ్చింది. తర్వాత సీ0 లెక్క చూస్తే, పొద్దున్న కాగితం మీద రాసిన దానికంటే రెండు ఎక్కువుంది. మధ్యాహ్నం కునుకుకి ఒకటి, ఈ ప్రయోగానికి ఒకటి.

ఆ నీరసం చూసి వెలిగింది నాకు. డిస్కు ఎక్కడ పెట్టావని చూస్తే, కంప్యూటర్ డబ్బాకి ముందు వైపు నల్ల పోర్టులో. వంగక్కర్లేకుండా చేతికందుతుందని. నల్లది పాత యూఎస్‌బీ 2.0. దాని లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. వెనకాల ఉన్న నీలం పోర్టు 3.0, దాని లెక్క 900. పైగా ముందు పోర్టుకి కరెంటు లోపల ఇంకో వైరు గుండా వస్తుంది, వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదే ఉంటాయి. చేలో మోటారు వేసిన క్షణంలో ఇంట్లో లైటు ఒక్కసారి మసకబారుతుంది చూడండి, తిరగటం మొదలెట్టేటప్పుడు ఏ మోటారైనా మామూలు కంటే ఎక్కువ లాగుతుంది. డిస్కూ అంతే. తిరుగుతున్న డిస్కుని నల్ల పోర్టు ఎలాగో మోస్తుంది, ఆగిపోయిన డిస్కుని మళ్ళీ లేపలేకపోతోంది. ఆ రాత్రి 400 జీబీకి మూడు గంటలకి పైగా పడుతుందని చూపించటానికి కారణం కూడా ఈ పోర్టే. సెకనుకి 30 చిల్లర ఎంబీ కంటే నడవదు అందులో.

వెనక నీలం పోర్టులో పెట్టాక పరిస్థితి మెరుగుపడింది, నయం కాలేదు. మూడుసార్లు పడుకోబెట్టి లేపితే రెండుసార్లు డిస్కు వచ్చింది, ఒకసారి రాలేదు.

దీని మీద ఎక్కడ వెతికినా అందరూ ముందు చెప్పేది ఒకటే మందు, 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్' ఆపెయ్యండి అని. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్ళి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిస్తే ఉంటుంది. దాని తోడుగా డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ మీద, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపనివ్వు అన్న టిక్కు తీసెయ్యమంటారు. నేనూ రెండూ చేశాను. మావయ్య డిస్కు విషయంలో వెంట్రుకవాసి తేడా రాలేదు. ఎందుకు రాలేదో ఆలోచిస్తే సులువుగానే అర్థమవుతుంది. ఆ రెండూ కంప్యూటర్ మెలకువగా ఉన్నప్పుడు, ఖాళీగా ఉన్న పోర్టుని కునుకు తియ్యనిచ్చే ఏర్పాట్లు. కంప్యూటర్ మొత్తం పడుకున్నాక పోర్టు గతేమిటన్నది వాటి చేతుల్లో లేదు.

అందుకని రోగం ఏదో ముందు తేల్చుకోవాలి. మీరు ఎదురుగా కూర్చుని ఏదో టైపు చేసుకుంటుంటే, కంప్యూటర్ శుభ్రంగా మెలకువగా ఉండి, పక్కన డిస్కు మాత్రం కాసేపు ఖాళీగా ఉండి జారిపోతోందా? అయితే పై మందులు దానికే. పవర్ ఆప్షన్స్‌లోనే 'టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్' అని ఇంకొకటుంటుంది, మామూలుగా 20 నిమిషాలని ఉంటుంది, దాన్ని సున్నా చేసి చూడండి. అప్పటికీ జారిపోతే డిస్కు పెట్టెలోని బోర్డుకే సొంత గడియారం ఉండి ఉండొచ్చు. కొన్ని కంపెనీలు దాన్ని మార్చుకోవటానికి తమ ప్రోగ్రాం ఇస్తాయి. ఇలా విండోస్‌కొకటి, పోర్టుకొకటి, డిస్కుకొకటి, ఎవరి గడియారం వాళ్ళదే. ఒకరు పడుకున్నది ఇంకొకరికి తెలియదు.

అదే కంప్యూటర్ మొత్తం పడుకుని లేచాకే డిస్కు పోతుంటే, నిద్రనే తీసెయ్యండి. సెట్టింగ్స్‌లో పవర్ దగ్గర, ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు నిద్ర 'నెవర్'. స్క్రీన్ ఆఫ్ మాత్రం 10 నిమిషాలకి ఉంచుకోండి. ఈ రెండూ వేరని చాలామందికి తెలియదు. మావయ్యకైతే స్క్రీన్ నల్లబడితే కంప్యూటర్ పడుకున్నట్టే. లోపల ఫ్యాన్ తిరుగుతోందా, డబ్బా మీద లైటు నిలకడగా వెలుగుతోందా అని చూడమని నేర్పాల్సి వచ్చింది.

"మరి కరెంటు బిల్లు?" వచ్చింది ప్రశ్న, అనుకున్నట్టే. ఆయన కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు 60 వాట్లు తింటుందనుకుందాం. రాత్రి 8 గంటలకి 480 వాట్ అవర్లు, అర యూనిట్ కూడా కాదు. షాపు రేటని యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 5 రూపాయలు దాటదు. మార్కెట్ దగ్గర టీ కూడా రాదు దానికి. పైగా రోజూ రాత్రంతా వెలగాలని ఎవరూ అనలేదు. కాపీ ఉన్న రాత్రులు, అంతే. మిగతా రోజుల్లో పని అయిపోయాక డిస్కుని ఎజెక్ట్ చేసి, అంటే తీసేస్తున్నానని కంప్యూటర్‌కి ముందు చెప్పి, తీసి డబ్బాలో పెట్టి, కంప్యూటర్ ఆపేసి పోవటమే. నిద్ర అనేది ల్యాప్‌టాప్ మూసి సంచిలో పడేసుకుని తిరిగేవాళ్ళ కోసం, బ్యాటరీ మీద బతికేవాళ్ళ కోసం అద్భుతమైన ఏర్పాటు. దాన్ని తీసుకొచ్చి టేబుల్ కంప్యూటర్ నెత్తిన అడగకుండా పెట్టటం మీదే నా కోపం. ఆదా అయ్యే ఆ 5 రూపాయలు కనపడతాయి. ఆరు వేల రికవరీ బిల్లు ఏ లెక్కలోకీ రాదు.

డిస్కు రాత్రంతా తిరిగితే అరిగిపోదా అని కూడా అడుగుతారు. తగిలించి వదిలేస్తే నేనూ ఒప్పుకోను. ఉడుకు గదుల్లో, ఏ గాలీ తగలని మూల, తువ్వాలు మీద పెట్టిన డిస్కు వేడెక్కిపోతుంది. (మావయ్యా, తిరుగుతున్న డిస్కు కింద తువ్వాలు వెయ్యకు. దాచేటప్పుడు చుట్టుకో.) పని ఉంటే తగిలించు, లేకపోతే తీసెయ్యి. సగం నిద్రలో వేలాడదియ్యటమే దానికి చేటు.

ఎజెక్ట్ మాట వచ్చింది కాబట్టి. అది చాదస్తం అనుకునే కుర్రాళ్ళని చాలామందిని చూశాను. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి ఇలాంటి డిస్కులకి 'క్విక్ రిమూవల్' అన్నదే మామూలు పద్ధతి అయింది, ఏమీ రాయని సమయంలో ఊరికే లాగేసినా సాధారణంగా ఏమీ కాదు. కానీ రాస్తున్న మధ్యలో లాగితే ఏ పద్ధతీ కాపాడదు. నిద్రలో ఉన్న కంప్యూటర్ నుంచి లాగటమైతే ఇంకా దరిద్రం, ఎందుకంటే అది ఏ పని మధ్యలో పడుకుందో మీకు తెలియదు.

షట్‌డౌన్ చేసినా మర్నాడు డిస్కు కనపడట్లేదు అనేవాళ్ళకి ఒక్క ముక్క. విండోస్ 8 నుంచి 'ఫాస్ట్ స్టార్టప్' అని ఒకటుంది. అది ఉంటే షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాదు, కంప్యూటర్ తన లోపలి స్థితిని కొంత దాచిపెట్టుకుని ఆగుతుంది. రీస్టార్ట్ మాత్రం పూర్తిగా మొదటి నుంచి లేస్తుంది. రీస్టార్ట్ కొడితే డిస్కు వచ్చి, షట్‌డౌన్ చేసి వేస్తే రాకపోతే, ఆ ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసెయ్యండి.

కొత్త ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. నాది అలాంటిదే. వీటిలో పాత తరహా నిద్రే ఉండదు, ఫోన్ లాగా సగం మెలకువగా పడి ఉంటాయి. నేను పైన చెప్పిన సెట్టింగులు కొన్ని అసలు కనపడవు కూడా. వీటితో వాదన పెట్టుకోకుండా, మూత వేసేముందు డిస్కు ఎజెక్ట్ చేసెయ్యటమే అలవాటు చేసుకున్నాను. మా చెల్లి మ్యాక్ వాడుతుంది, నిద్ర లేచినప్పుడల్లా "డిస్క్ నాట్ ఎజెక్టెడ్ ప్రాపర్లీ" అని మూలన సణుగుతుంటుంది. దాంట్లోనూ స్క్రీన్ ఆఫ్ అయినా కంప్యూటర్ పడుకోకుండా ఆపే మీట ఉంది, అది వేశాక సణుగుడు తగ్గింది.

అన్నీ నిద్ర ఖాతాలో వెయ్యకూడదని కూడా ఒక దెబ్బ తిని తెలుసుకున్నాను. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న మా బావ, చెరువు గట్టు మీద కెమెరాల రికార్డింగులన్నీ ఒక డిస్కులో దాస్తాడు. అదీ జారిపోతోందంటే, అప్పటికే నేను పండితుణ్ణి కదా, ఫోన్‌లోనే నిద్ర తీసెయ్యమన్నాను. "తీసేశాను బావా, అయినా పోతోంది, నేను చూస్తుండగానే పోతోంది" అన్నాడు. ఆ ఒక్క మాటకే నేను మేలుకోవాల్సింది. రెండు రోజులాగి చూస్తే సీ5 లెక్క రోజుకి రోజుకీ పెరుగుతోంది, లోపల్నుంచి ఆగి ఆగి 'టక్ టక్' మంటోంది. ఆ డిస్కు నిజంగానే పోతోంది. ఉన్నంతలో ముఖ్యమైనవి ముందు బయటికి లాగాం, సగం పైగా దక్కింది. ఆ రెండు రోజులు నేను సెట్టింగులు మార్పిస్తూ కూర్చోకపోతే ఇంకొంచెం దక్కేదేమో. బావ ఆ మాట అనలేదు, అక్క అంది.

మావయ్య కంప్యూటర్‌కి నిద్ర తీసేసి, డిస్కుని వెనక నీలం పోర్టుకి మార్చి, కట్ పేస్ట్ మానిపించి వచ్చాను. కాపీ చేసి, రెండో డిస్కులో ఇంకో కాపీ పెట్టి, రెండిట్లోనూ ఒక్కో వీడియో తెరిచి చూసుకున్నాకే కంప్యూటర్‌లోది చెరపాలి. రెండో డిస్కు స్టూడియోలో ఉండకూడదు, మండువా ఇంట్లో అటక మీద ఉండాలి. ఈ ఆఖరిది చెప్పినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తుఫాను గుర్తొచ్చిందనుకుంటా.

నెల రోజులు బాగానే నడిచింది. మొన్న మళ్ళీ పొద్దున్నే ఫోన్.

"ఒరేయ్, రాత్రి కాపీ పెట్టి పడుకున్నాను. నువ్వు చెప్పినట్టే నీలం దాంట్లోనే. డిస్కు ఉంది, కనపడుతోంది. కాపీ మాత్రం సగంలో ఆగిపోయింది. స్క్రీన్ మీద 'అప్‌డేట్స్' అని ఏదో ఉంది."

రాత్రి రెండింటికి విండోస్ తనంతట తాను అప్‌డేట్ వేసుకుని, రీస్టార్ట్ అయింది. పడుకోవద్దన్నాం కదా, ఖాళీగా ఎందుకని ఈ పని పెట్టుకుంది. 'యాక్టివ్ అవర్స్' అని ఒకటుంది, ఫలానా వేళల్లో రీస్టార్ట్ అవ్వకు అని చెప్పుకోవటానికి. అదీ 18 గంటలకి మించి ఒప్పుకోదు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉండే సీజన్‌లో మావయ్యకి ఆ మిగిలిన 6 గంటలు ఎప్పుడు పెట్టాలో తేలట్లేదు. ప్రస్తుతానికి అప్‌డేట్లని వారం పాటు ఆపించాను. ఆదివారం వెళ్తున్నాను. అత్తయ్యకి పనసాకులు కోసి ఉంచమని ఫోన్ చేశాను.